ఉక్కు రేకులోని రంధ్రాలు: ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఇంటి దగ్గర సవరించుకున్నవారి చరిత్ర

మీలో కారో, లారీయో నడిపినవారికి గేరు మార్చడమంటే ఏమిటో చెప్పనవసరం లేదు. ఎడమ కాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదులుతాం. ఎప్పుడు మార్చాలో, ఎంత మెత్తగా వదలాలో నిర్ణయించేది డ్రైవరే. ఆటోమేటిక్ గేర్లున్న కారులో ఈ నిర్ణయం డ్రైవరు చేతిలో ఉండదు. అలాగని యంత్రం తనంతట తానే ఆలోచించి నిర్ణయిస్తుందని కూడా అనుకోకండి. కారు రోడ్డెక్కడానికి ఎన్నో ఏళ్ళ ముందే, కర్మాగారంలోని ఇంజనీరు ఆ నిర్ణయం తీసుకుని ఉంటాడు. అది స్ప్రింగుల బలంలో, ఉక్కు రేకుకు పొడిచిన రంధ్రాల పరిమాణంలో నిక్షిప్తమై ఉంటుంది.

ఆ నిర్ణయంతో ఏకీభవించక, ఇంటి ముందరి షెడ్డులో గేర్‌బాక్స్ విప్పి, ఆ రంధ్రాలను పెద్దవి చేసుకున్నవారి గురించి ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఈ చరిత్ర ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, సుమారు 1950 నుంచి 1990 వరకు జరిగింది. మన దేశంలో ఆటోమేటిక్ గేర్లు చిన్న కార్లలోకి విస్తృతంగా వచ్చింది చాలా ఆలస్యంగా. 2014లో మారుతి సెలెరియోతో ప్రవేశపెట్టిన పద్ధతి కూడా మామూలు గేర్‌బాక్స్‌కే యాంత్రిక హస్తం తగిలించినటువంటిది. మనం ఇక్కడ చెప్పుకోబోయే యంత్రం అది కాదు. ఆ రెండింటినీ కలిపి తికమకపడవద్దు.

చరిత్ర విద్యార్థులకు గేర్‌బాక్స్‌తో పనేమిటని మీరు అడగవచ్చు. సాంకేతిక చరిత్రను చాలాకాలం ఆవిష్కర్తల చరిత్రగానే రాశారు. ఎవరు కనిపెట్టారు, ఏ సంవత్సరంలో, పేటెంటు ఎవరిది అన్న ప్రశ్నలతోనే పుస్తకాలు నిండిపోయాయి. కొన్నవాడు ఆ వస్తువుతో ఏం చేశాడన్నది చాలా తక్కువమంది అడిగారు. 1996లో రోనాల్డ్ క్లైన్, ట్రెవర్ పించ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా గ్రామీణ ప్రాంతాల రైతులు కార్లను ఎలా వాడుకున్నారో పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. రైతులు ఫోర్డ్ మోడల్ టి కారును జాకీ మీద లేపి, వెనక చక్రానికి బెల్టు తగిలించి, బట్టలుతికే యంత్రాలను, పొలం పనిముట్లను నడిపించారు. వస్తువు ఏమిటన్నది అమ్మినవాడు ఒక్కడే నిర్ణయించలేదని ఆ వ్యాసం వాదించింది. మన పాఠానికి కూడా అదే ప్రాతిపదిక.

గేర్‌బాక్స్ లోపల

మోడల్ టి ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైన ఈ కారులో నేటి కార్లలో కనిపించే గేరు రాడ్డు లేదు. మూడు పెడళ్ళు ఉండేవి. లోపల ప్లానెటరీ గేర్లు ఉండేవి. మధ్యలో సూర్యుడిలా ఒక గేరు, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న గేర్లు ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఈ అమరికలో పళ్ళను ఒకదాని నుంచి విడదీసి మరొకదానికి తగిలించే పని లేదు. ఏదో ఒక భాగాన్ని తిరగకుండా పట్టుకుంటే చాలు, వేగం మారిపోతుంది. పట్టుకోవడానికి డ్రమ్ము చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. దానినే బ్యాండ్ అంటారు. మోడల్ టిలో ఆ పట్టీని బిగించేది డ్రైవరు కాలు. పట్టీల నూలు లైనింగు అరిగిపోతే యజమానులు మూత విప్పి స్వయంగా మార్చుకునేవారు. అంటే గేర్‌బాక్స్‌ను ఇంట్లో విప్పుకునే అలవాటు ఆటోమేటిక్ గేర్ల కన్నా పాతది.

1939 చివరలో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారులో జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రా-మాటిక్ అనే గేర్‌బాక్స్‌ను ప్రవేశపెట్టింది. దాని అభివృద్ధికి నాయకత్వం వహించిన ఎర్ల్ థాంప్సన్, అంతకు ముందు 1928లో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్‌ను అందించిన ఇంజనీరే. హైడ్రా-మాటిక్‌లో కూడా ప్లానెటరీ గేర్లూ, బ్యాండ్లూ, క్లచ్ ప్లేట్లూ ఉన్నాయి. తేడా ఒక్కటే: వాటిని బిగించేది మనిషి కాలు కాదు, పంపు తోసే ఆయిల్ పీడనం. ఇంజనుకూ గేర్లకూ మధ్య కూడా ఆయిలే వారధి. దీనికి అదనంగా వసూలు చేసిన ధర 57 డాలర్లు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టూవర్ట్ వంటి తేలికపాటి ట్యాంకులను ఇదే గేర్‌బాక్స్ నడిపింది. యుద్ధం ముగిశాక, యుద్ధభూమిలో పరీక్ష నెగ్గిన గేర్‌బాక్స్ అని సంస్థ ప్రకటనలిచ్చుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెరువు తూమును మీరు చూసే ఉంటారు. తూము ఎంత తెరిస్తే కాలువలోకి నీరు అంత వస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అడుగున వాల్వ్ బాడీ అనే భాగం ఉంటుంది. సన్నని కాలువలు తొలిచిన లోహపు దిమ్మె అది. దాని మీద సెపరేటర్ ప్లేట్ అనే పలుచని ఉక్కు రేకు ఉంటుంది. ఆ రేకులోని చిన్న చిన్న రంధ్రాలే తూములు. ఒక వాల్వ్ తెరుచుకోగానే పంపు నుంచి వచ్చిన ఆయిల్ ఆ రంధ్రం గుండా వెళ్ళి క్లచ్ పిస్టన్‌ను తోస్తుంది. రంధ్రం చిన్నదైతే పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది, క్లచ్ ప్లేట్లు కాసేపు ఒకదానిపై ఒకటి జారి ఆ తరువాత పట్టుకుంటాయి. దీనికి తోడు అక్యుమ్యులేటర్ అనే మరో పిస్టన్ ఉంటుంది. వెనక స్ప్రింగు ఉన్న ఈ పిస్టన్ క్లచ్‌కు వెళ్ళే ఆయిల్‌లో కొంత తాను మింగి, పీడనం ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది. లోపల కూర్చున్నవారికి గేరు మారినట్లే తెలియదు. ఆ జారుడంతా వేడిగా మారుతుంది. ఆ వేడి ఆయిల్‌ను పాడుచేస్తుంది, ప్లేట్లను మాడుస్తుంది.

మెత్తదనం ఎవరి కోసం?

సుఖానికీ మన్నికకూ మధ్య ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీతను తయారీదారు సుఖం వైపు గీశాడు. ఎందుకని మీరు ఆలోచించండి. కారు కొనేవాడు షోరూము నుంచి పది నిమిషాలు నడిపి చూసి కొంటాడు. ఆ పది నిమిషాలలో కుదుపు తెలుస్తుంది. లక్ష కిలోమీటర్ల తరువాత ప్లేట్లు మాడతాయన్నది తెలియదు. 1948లో బ్యూక్ ప్రవేశపెట్టిన డైనాఫ్లో ఈ ధోరణికి పరాకాష్ఠ. మామూలుగా నడిపేటప్పుడు అందులో గేర్లు మారనే మారవు, టార్క్ కన్వర్టర్ ఒక్కటే పని అంతా చేస్తుంది. ప్రయాణం పట్టు మీద జారినట్లు ఉండేది, కారు మాత్రం బద్ధకంగా కదిలేది. 1956లో జనరల్ మోటార్స్ హైడ్రా-మాటిక్‌నే మార్చి, గేర్లు మరింత మెత్తగా పడే కొత్త రూపం తెచ్చింది. పందేల వారేం చేశారో గమనించండి. వారు కొత్తదాన్ని వదిలేసి, పాత కార్ల స్క్రాపు యార్డుల్లో 1956కు ముందరి గేర్‌బాక్స్‌ల కోసం వెతికారు. కర్మాగారం లోపమని భావించి తొలగించిన గట్టిదనమే వారికి గుణంగా కనిపించింది.

దీనిని వినియోగదారుల తిరుగుబాటు అని రాయాలన్న ఉత్సాహం మీకు కలగవచ్చు. కొంచెం ఆగండి. కొన్నవారిలో అత్యధికులకు ఆ మెత్తదనమే కావాలి, దాని కోసమే వారు డబ్బు చెల్లించారు. ఇంజనీర్లు మోసగాళ్ళు కారు, లక్షలాది మందికి సరిపడే ఒకే యంత్రాన్ని తయారుచేయాల్సినవారు. సగటు మనిషి కోసం చేసిన వస్తువు సగటుకు దూరంగా ఉన్నవారికి సరిపోకపోవడమే ఇక్కడి చిక్కు.

కాలిఫోర్నియా షెడ్లు

సగటుకు దూరంగా ఉన్నవారు దక్షిణ కాలిఫోర్నియాలో గుంపుగా కనిపిస్తారు. అక్కడి ఎండిన సరస్సుల మీద కుర్రాళ్ళు కార్ల పందేలు నిర్వహించుకునేవారు. 1937లో వారి సంఘం ఏర్పడింది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక మొదలైంది. 1951లో డ్రాగ్ పందేలకు జాతీయ సంఘం ఏర్పడింది. యుద్ధం ఈ కుర్రాళ్ళకు రెండు విధాల తోడ్పడింది. సైన్యంలోనూ విమాన కర్మాగారాల్లోనూ యంత్రాల పని నేర్చిన వేలాదిమంది తిరిగి వచ్చారు. ఉద్యోగాలు, సొంత ఇళ్ళు, ఇంటికో గ్యారేజీ అమరాయి. ఈ రెండవ విషయాన్ని తేలికగా తీసుకోకండి. గేర్‌బాక్స్ విప్పి నాలుగు రోజులు నేల మీద పరిచి ఉంచడానికి నీడ కావాలి, ఆ నాలుగు రోజులు పనికి వెళ్ళడానికి మరో వాహనం కావాలి. ‘స్వయంగా చేసుకోవడం’ అనేది కేవలం మనస్తత్వం కాదు, దానికి ఆస్తి పునాది ఉంది. ఆ పునాది అందరికీ సమానంగా దక్కలేదు. నల్లజాతి కుటుంబాలకు అనేక కొత్త శివారు కాలనీల్లో ఇళ్ళే అమ్మలేదు.

మొదట్లో ఆటోమేటిక్ గేర్లంటే పందేల వారికి చిన్నచూపు. అవి ముసలివాళ్ళకు, చేతకానివాళ్ళకు అనేవారు. 1953లో బాబ్ స్పార్, మోర్ట్ షూమన్ అనే ఇద్దరు బి అండ్ ఎం అనే సంస్థను ప్రారంభించి, హైడ్రా-మాటిక్‌ను పందేలకు తగినట్లు సవరించి అమ్మసాగారు. చేత్తో గేరు మార్చేవాడు క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఇంజను బలం ఒక్క క్షణం చక్రాలకు అందదు. ఆయిల్ పీడనంతో మారే గేరుకు ఆ విరామం అక్కర్లేదు. పీడనం పెంచి, ప్లేట్లు జారే సమయాన్ని తగ్గిస్తే, నిపుణుడైన డ్రైవరు కన్నా యంత్రమే వేగంగా గేరు మారుస్తుంది. పందేల దారిలో ఇది రుజువయ్యాక చిన్నచూపు తగ్గింది.

అదే ఏడాది ఆగస్టు 12న లివోనియాలోని హైడ్రా-మాటిక్ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. జనరల్ మోటార్స్ కొన్నాళ్ళు కొన్ని కార్లకు తన ఇతర విభాగాల గేర్‌బాక్స్‌లు అమర్చి అమ్మవలసి వచ్చింది. మన కథకు ఇది పక్క విషయమే. అయినా ఒక్క భవనం కాలిపోతే ఎన్ని రకాల కార్లు ఆగిపోతాయో చూస్తే, ఈ పరిశ్రమ ఎంతగా కేంద్రీకృతమైందో అర్థమవుతుంది.

పొట్లంలో వచ్చిన విద్య

నా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు పందేల దారిలో జరగలేదు, పోస్టులో వచ్చే పొట్లంలో జరిగింది. 1964లో టర్బో హైడ్రా-మాటిక్ 400, 1969లో దాని చిన్న తమ్ముడు 350 వచ్చాయి. లక్షల సంఖ్యలో ఒకే రకం గేర్‌బాక్స్ ఉంటే, ఒకే సవరణ లక్షల మందికి పనికొస్తుంది. గిల్ యంగర్ స్థాపించిన ట్రాన్స్‌గో వంటి సంస్థలు ఆ సవరణను చిన్న పెట్టెలో పెట్టి అమ్మాయి. దానికి షిఫ్ట్ కిట్ అని పేరు. లోపల కొన్ని స్ప్రింగులు, గాస్కెట్లు, సవరించిన సెపరేటర్ ప్లేటు లేదా పాత ప్లేటుకే రంధ్రాలు పొడవడానికి డ్రిల్ బిట్టు, ఒక సూచనల కాగితం ఉంటాయి.

ఆ పని ఎలా జరిగేదో కొంచెం వివరంగా చూద్దాం. కారును గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, అడుగున పడుకుని, ఆయిల్ పాన్ బోల్టులు విప్పాలి. ఎంత జాగ్రత్తపడినా ఎర్రటి ఆయిల్ మోచేతుల దాకా కారుతుంది. ఫిల్టరు తీసి వాల్వ్ బాడీని దించేటప్పుడు గోళీల్లాంటి చిన్న ఉక్కు గుండ్లు కొన్ని జారి పడతాయి. ఏ గుండు ఏ గూట్లోదో గుర్తుండాలి. కొన్ని గూళ్ళలోని గుండును కిట్ తీసేయమంటుంది కూడా. తరువాత ప్లేటు మీద సూచించిన రంధ్రాన్ని సూచించిన కొలతకు మాత్రమే పెంచాలి. ఇక్కడ గణితం మోసం చేస్తుంది. 2 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 3 మిల్లీమీటర్లు చేస్తే ఒకటిన్నర రెట్లు పెరిగినట్లు కంటికి కనిపిస్తుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దారి 2.25 రెట్లు అవుతుంది. పొడవడం తేలిక, పొడిచిన రంధ్రాన్ని తిరిగి చిన్నది చేయడం కుదరదు. లోహపు పొడి ఒక్క రవ్వ కాలువలో మిగిలినా వాల్వ్ ఇరుక్కుంటుంది.

సూచనల కాగితాన్ని చారిత్రక ఆధారంగా చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. కర్మాగారం అందరికీ ఒకే కొలత ఇచ్చింది. కాగితం యజమానిని ప్రశ్న అడుగుతుంది: నీ కారు దేనికి? మామూలు వాడకానికైతే ఒక కొలత, బరువైన ట్రెయిలరు లాగడానికైతే మరొకటి, పందేనికైతే ఇంకొకటి. ఇంజనీరు ఎవరికీ చెప్పకుండా తీసుకున్న నిర్ణయాన్ని ఆ కాగితం బహిరంగపరిచి, యజమాని ముందు పెట్టింది. పందేలకు ఎన్నడూ వెళ్ళనివారు కూడా ఈ కిట్లు కొన్నారంటే కారణం ఇదే. సెలవుల్లో ట్రెయిలరు లాక్కుని కొండలెక్కేవారికి జారుడు తగ్గడమంటే వేడి తగ్గడం, గేర్‌బాక్స్ మరికొన్నేళ్ళు బతకడం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: గేరు మెత్తగా పడటానికీ గేర్‌బాక్స్ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని మీ సొంత మాటల్లో ఐదు వాక్యాలలో రాయండి.

గట్టిదనానికి చెల్లించిన మూల్యం

సవరించిన ప్రతివాడూ గెలిచాడని అనుకోవద్దు. గేరు ఠక్కున పడితే ఆ దెబ్బను ఎవరో ఒకరు భరించాలి. ప్లేట్లు భరించనిది షాఫ్టుల మీద, వెనక ఇరుసు మీద పడుతుంది. మెడ వెనక్కి విసిరేసేంత గట్టిగా గేరు పడటమే నాణ్యతకు గుర్తని భావించిన కుర్రాళ్ళు అక్యుమ్యులేటర్‌ను పూర్తిగా మూసేసి, భాగాలు విరగ్గొట్టుకున్నారు. అప్పటికే ప్లేట్లు మాడిన గేర్‌బాక్స్‌ను కిట్ బాగుచేయదు. ఈ మాట తెలియక డబ్బు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు.

మరికొందరు పాన్ విప్పకుండానే దగ్గరి దారి వెతికారు. ఫోర్డ్ సంస్థ తన గేర్‌బాక్స్‌లకు నిర్దేశించిన టైప్ ఎఫ్ ఆయిల్‌లో ఘర్షణను మృదువు చేసే పదార్థాలు ఉండవు, ప్లేట్లు చప్పున పట్టుకుంటాయి. జనరల్ మోటార్స్ 1967లో తెచ్చిన డెక్స్‌రాన్ దీనికి భిన్నం, మెత్తదనం దాని లక్ష్యం. అందుకని చాలామంది జనరల్ మోటార్స్ గేర్‌బాక్స్‌లో ఫోర్డ్ ఆయిల్ పోసి పని కానిచ్చారు. ఇది మంచిదా చెడ్డదా అన్న వాదం ఆ రంగంలో నేటికీ తెగలేదు.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళ్తాను. తొలినాళ్ళ ఆటోమేటిక్ ఆయిళ్ళలో ఆ మృదుత్వాన్ని ఇచ్చింది స్పెర్మ్ తిమింగలాల నూనె. 1970ల మొదట్లో అమెరికా చట్టాలు దానిని నిషేధించాక రసాయన ప్రత్యామ్నాయాలు వెతకవలసి వచ్చింది, తొలి ప్రత్యామ్నాయాలు కొన్ని గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్లను తినేశాయి. డెట్రాయిట్ శివార్లలో కారు కుదుపు లేకుండా సాగడానికి సముద్రంలో తిమింగలాన్ని చంపవలసి వచ్చిందన్న సంగతి ఆ కారులో కూర్చున్నవారిలో ఎంతమందికి తెలుసు?

చట్టం కూడా ఈ కథలో ప్రవేశిస్తుంది. యజమాని వేరే సంస్థ భాగం వాడాడన్న ఒక్క కారణంతో హామీని రద్దు చేయకుండా 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అమెరికా తయారీదారులను కట్టడి చేసింది. ఆ భాగం వల్లనే నష్టం జరిగితే మాత్రం హామీ వర్తించదు. సవరించుకునే హక్కు, పర్యవసానం భరించే బాధ్యత రెండూ యజమానివే అయ్యాయి.

తీగ నుంచి కంప్యూటరుకు

1982లో వచ్చిన 700-ఆర్4 గేర్‌బాక్స్‌లో యాక్సిలరేటరుతో పాటు కదిలే ఒక తీగ లోపలి పీడనాన్ని నిర్ణయించేది. తీగ సర్దుబాటు తప్పితే పీడనం చాలక ప్లేట్లు త్వరగా మాడిపోయేవి. ఇళ్ళలో పనిచేసేవారు ఆ తీగను సరిచేయడం నేర్చుకున్నారు. అదే సంస్థ కార్వెట్ కారులోని గేర్‌బాక్స్‌లో బ్యాండ్‌ను బిగించే పిస్టన్ కొంచెం పెద్దదని గుర్తించి, దాన్ని తెచ్చి తమ మామూలు కారులో వేసుకున్నారు. ఇలా చేసినవారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఖరీదైన కారు యజమానికి కర్మాగారం ఇచ్చినదాన్ని తామూ తీసుకున్నారు, అంతే.

1990ల మొదటి నుంచి ఆ తీగ పోయి కంప్యూటరు వచ్చింది. పీడనాన్ని విద్యుత్తుతో పనిచేసే సొలెనాయిడ్ నియంత్రించసాగింది. గేరు పడటానికి ఎంత సమయం పట్టిందో కంప్యూటరు ప్రతిసారీ కొలుస్తుంది. తనకు చెప్పిన లెక్క కన్నా త్వరగా పడితే పీడనం తగ్గించి, మళ్ళీ పాత మెత్తదనానికి తేవడానికి ప్రయత్నిస్తుంది. యజమాని రంధ్రం పెద్దది చేస్తాడు, కర్మాగారం రాసిన ప్రోగ్రాము దాన్ని సరిదిద్దుతుంది! ఒకప్పుడు అమ్మకంతో ముగిసిన కర్మాగారపు అధికారం ఇప్పుడు యజమాని షెడ్డులో ప్రతి గేరు మార్పులోనూ కొనసాగింది. త్వరలోనే సవరించేవారు డ్రిల్లుతో పాటు ల్యాప్‌టాప్ కూడా పట్టుకుని ఆ ప్రోగ్రామునే తిరగరాయడం మొదలుపెట్టారు. స్ప్రింగును చేత్తో పట్టుకుని చూడవచ్చు, కొలవవచ్చు. ప్రోగ్రామును చదవాలంటే ముందు దాని తాళం తీయాలి. నేడు ట్రాక్టర్ల విషయంలో అమెరికా రైతులు సొంతంగా మరమ్మతు చేసుకునే హక్కు కోసం చేస్తున్న పోరాటం ఈ మార్పు నుంచి పుట్టినదే.

ఆధారాల గురించి, ఒక అభ్యాసం

ఈ చరిత్ర రాయడంలో ఒక ఇబ్బంది ఉంది. కర్మాగారాల డ్రాయింగులు, సర్వీసు మాన్యువళ్ళు, ప్రకటనలు భద్రంగా ఉంటాయి. ఇంట్లో పనిచేసినవాడు ఏదీ రాసిపెట్టడు. సూచనల కాగితం ఆయిల్ మరకలతో చెత్తబుట్టలోకి పోతుంది. మిగిలేది వస్తువు మాత్రమే. పాత గేర్‌బాక్స్‌ను విప్పిన మెకానిక్, సెపరేటర్ ప్లేట్ మీద కర్మాగారం అచ్చు కొట్టిన నున్నటి రంధ్రం పక్కనే అంచు గరుకుగా ఉన్న మరో రంధ్రాన్ని చూసి, “ఇది ఎవరో చేత్తో పొడిచారు” అని ఇట్టే చెబుతాడు. శాసనంలో తరువాతి కాలపు చెక్కడాన్ని లిపి పరిశోధకుడు గుర్తించినట్లే ఇదీను. నాకు కారు నడపడం వచ్చుగాని విప్పడం రాదు, అందుకే ఆ చూపు మీద నాకు గౌరవం ఎక్కువ.

ఈ పాఠానికి సంబంధించిన అభ్యాసాన్ని మీరు మీ ఊళ్ళోనే చేయవచ్చు. కర్మాగారం నుంచి వచ్చిన రూపంలో కాక, ఇక్కడ మార్పు చేసి వాడుతున్న ఒక యంత్రాన్ని ఎంచుకోండి. అది ట్రాక్టరు కావచ్చు, పంపుసెట్టు కావచ్చు, పిండిమర కావచ్చు. యజమాని అనుమతి తీసుకుని మార్చిన భాగాన్ని చూడండి, కొలవండి, బొమ్మ గీయండి. మార్చినది ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మార్చక ముందు దానితో వచ్చిన ఇబ్బంది ఏమిటి, మార్చాక కొత్తగా వచ్చిన ఇబ్బంది ఏమిటి అని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. నాలుగు పేజీలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, కొలతలు మాత్రం తప్పకుండా వేయండి.